చూపులోని ఆలోచన: ఇబ్నుల్ హైథమ్ రచనలకు దక్కవలసిన విలువ

ముస్లిం విజ్ఞానవేత్తల పేర్లు స్మరించే ప్రతి సభలోనూ అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హైథమ్ పేరు తప్పక వినిపిస్తుంది. కాంతిశాస్త్ర పితామహుడని ఒకరు, కెమెరాను కనిపెట్టినవాడని మరొకరు, ప్రపంచపు తొలి శాస్త్రవేత్త అని వేరొకరు ఆయనను కొనియాడుతూ ఉంటారు. 2003లో ఇరాక్ ప్రవేశపెట్టిన 10,000 దీనార్ల నోటుపై ఆయన రూపం ఉంది. చంద్రునిపై ఒక బిలానికి ఆయన లాటిన్ పేరు అల్‌హాజెన్ పెట్టారు. 2015ను అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా జరిపినప్పుడు యునెస్కో ఆయనను ప్రత్యేకంగా స్మరించింది. ఇంతటి కీర్తి పొందిన వ్యక్తికి తగిన విలువ దక్కలేదనడం సాహసంగా తోచవచ్చు. కాని పేరుకు వచ్చిన ప్రసిద్ధి వేరు, రచనలతో ఏర్పడే పరిచయం వేరు. పొగిడేవారు ఎక్కువై చదివేవారు తక్కువైనప్పుడు ఎంతటి మేధావి అయినా గోడకు వేలాడే పటంగా మిగిలిపోతాడు. ఇబ్నుల్ హైథమ్ విషయంలో జరిగింది ఇదే.

కాంతి గురించి ఆయన చెప్పినది పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. మనసు ఎలా చూస్తుంది, ఎలా పొరబడుతుంది, కొత్త విషయాన్ని ఎలా కనిపెడుతుంది, సత్యాన్వేషి తన బుద్ధిని ఎలా అదుపులో పెట్టుకోవాలి అన్న ప్రశ్నలపై ఆయన రాసినది మాత్రం మరుగున పడింది. నిజానికి ఆ రచనల ఆయువుపట్టు అక్కడే ఉంది.

ముందుగా ఆయన జీవితం గురించి నిశ్చయంగా తెలిసిన దానిని, కథగా ప్రచారంలో ఉన్న దానిని వేరు చేసుకోవలసి ఉంది. ఆయన బస్రాలో హిజ్రీ 354 ప్రాంతంలో, అంటే క్రీ.శ. 965 ప్రాంతంలో జన్మించాడు. జీవితంలో చాలా భాగం కైరోలో గడిపి 1040 ప్రాంతంలో అక్కడే కన్నుమూశాడు. నైలు నది ప్రవాహాన్ని అదుపు చేయగలనని ఫాతిమీ పాలకుడు అల్ హాకిమ్‌కు మాట ఇచ్చి, అది సాధ్యం కాదని గ్రహించి, ఆ పాలకుని ఆగ్రహానికి భయపడి పిచ్చివాడిగా నటించాడన్న కథను అల్ ఖిఫ్తీ రాసిపెట్టాడు. అల్ ఖిఫ్తీ 1248లో చనిపోయినవాడు. అంటే ఈ రాతకూ ఆ సంఘటనకూ మధ్య సుమారు రెండు శతాబ్దాల దూరం ఉంది. ఆయన అల్ అజ్‌హర్ సమీపంలో నివసిస్తూ యూక్లిడ్, టాలెమీల గ్రంథాలకు ప్రతులు రాసి, ఆ ఆదాయంతోనే జీవించాడని కూడా అదే రచయిత చెబుతాడు. ఇబ్ను అబీ ఉసైబిఆ పేర్కొన్న ఆత్మకథా భాగం ఈయనదేనా లేక బాగ్దాదులోని మరొక ఇబ్నుల్ హైథమ్‌దా అన్న విషయంలో రుష్దీ రాషిద్, అబ్దుల్ హమీద్ సబ్రా వంటి ఆధునిక పండితులే ఏకాభిప్రాయానికి రాలేదు. ఆధారాన్ని తూచి చూడమని జీవితాంతం బోధించిన వ్యక్తి జీవితాన్నే ఆధారం చూడకుండా అలంకరించడం ఆయనకు చేసే గౌరవం కాజాలదు.

ఆయన ప్రధాన గ్రంథం ‘కితాబుల్ మనాజిర్’. ఇందులో 7 భాగాలున్నాయి. మొదటి మూడు భాగాలు నేరుగా సాగే చూపును, తర్వాతి మూడు భాగాలు అద్దాలలో జరిగే పరావర్తనాన్ని, ఏడవ భాగం వక్రీభవనాన్ని చర్చిస్తాయి. ఈ గ్రంథం 1200 ప్రాంతంలో లాటిన్‌లోకి అనువాదమైంది. 1572లో ఫ్రెడరిక్ రిస్నర్ దానిని బాసెల్ నగరంలో అచ్చు వేయించాడు. శతాబ్దాల తరబడి యూరప్ పండితులు దానిని చదివి లాభపడ్డారు. అయితే ఆ లాటిన్ ప్రతిలో మొదటి భాగంలోని తొలి మూడు అధ్యాయాలు లేవు. రచయిత తన పరిశోధనా మార్గాన్ని వివరించిన పీఠిక ఆ అధ్యాయాలలోనే ఉంది. ఆ విధంగా లాటిన్ పాఠకునికి ఇబ్నుల్ హైథమ్ సాధించిన ఫలితాలు అందాయి గాని, వాటి వెనుక ఉన్న మనోనియమం అందలేదు. అరబీ మూలంలోని మొదటి మూడు భాగాలను సబ్రా 1983లో కువైట్ నుండి సంస్కరించి ప్రచురించాడు. 1989లో వాటి ఆంగ్లానువాదం వెలువడింది. ఈ రచనలకు సరైన విలువ ఇంతకాలం ఎందుకు దక్కలేదో చెప్పడానికి ఈ తేదీలే చాలు.

ఆ పీఠికలో ఆయన తన కాలం నాటి వివాదాన్ని నిష్పక్షపాతంగా ముందుంచుతాడు. వస్తువు రూపమే కంటిలోకి వచ్చి చేరుతుందని ప్రకృతి తత్త్వవేత్తలు అనేవారు. కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని గణితవేత్తలు అనేవారు. ఇరు పక్షాల వద్దా వాదనలున్నాయి, ఇరు పక్షాలూ గౌరవనీయమైనవే. రెండూ ఒకేసారి నిజం కాజాలవు గనుక ఒకటి తప్పయినా కావాలి, రెండూ తప్పయినా కావాలి, లేదా రెండూ ఒకే సత్యం వద్దకు పూర్తిగా చేరక మధ్యలోనే ఆగిపోయినవైనా కావాలి. అందుచేత విచారణను మొదటి నుండి తిరిగి ఆరంభించాలని, ఉన్న వస్తువులను పరిశీలించి, వాటి లక్షణాలను ఏర్చి, మెట్టు మెట్టుగా పైకి వెళ్లాలని, ప్రతి మెట్టు వద్దా పక్షపాతాన్ని విడిచి న్యాయంగా తూచాలని ఆయన నిశ్చయించుకున్నాడు. ప్రకృతి శాస్త్రాన్నీ గణితాన్నీ కలిపితే తప్ప ఈ ప్రశ్న తెగదని కూడా గ్రహించాడు. ఇంత చెప్పి, మానవ సహజమైన లోపం నుండి తానూ విముక్తుడు కానని ఒప్పుకుని దైవసహాయం కోరాడు.

ఈ మార్గానికి ఆయన వాడిన కీలక పదం ‘ఇతిబార్’, అంటే పరీక్షించి పోల్చి నిర్ధారించుకోవడం. ఒక ఉదాహరణ చాలు. చీకటిగదిలోకి తెరుచుకున్న చిన్న రంధ్రం ఎదుట అనేక దీపాలను వేరువేరు చోట్ల ఉంచితే లోపలి గోడపై అన్ని వెలుగు మచ్చలు పడతాయి. ఒక దీపాన్ని మూస్తే దానికి ఎదురుగా ఉన్న మచ్చ ఒక్కటే మాయమవుతుంది, తెరిస్తే తిరిగి వస్తుంది. దీనిని బట్టి, వెలుగులన్నీ ఒకే రంధ్రం గుండా పోతున్నా ఒకదానితో ఒకటి కలగాపులగం కావని, ప్రతి వెలుగూ తన సరళరేఖలోనే సాగుతుందని తేలింది. చీకటిగదిలో బొమ్మ పడటం ఆయనకు ముందే తెలిసిన విషయం. కనుక కెమెరాను ఆయనే కనిపెట్టాడనడం సరికాదు. తెలిసిన వింతను తెలియని సత్యాన్ని తేల్చే పరీక్షగా మలచడం ఆయన ఘనత. ఇది మొదటిదాని కంటే ఎంతో పెద్ద విషయం.

ఇక మనసును గురించిన రెండవ భాగానికి వస్తే, అక్కడ ఇబ్నుల్ హైథమ్ ప్రతిభ పూర్తిగా వికసించింది. కన్ను తనంతట తాను పట్టుకోగలిగేది వెలుగునూ రంగునూ మాత్రమేనని ఆయన అంటాడు. దూరం, పరిమాణం, ఆకారం, సంఖ్య, చలనం, నిశ్చలత, నునుపు, గరుకు, అందం, వికారం మొదలుకొని మొత్తం 22 గుణాలను ఆయన లెక్కించాడు. వీటిలో వెలుగు, రంగు తప్ప తక్కినవన్నీ కంటి పని కావు. మనసులోని విచక్షణ శక్తి కంటికి అందిన దానిని పోల్చి, గుర్తించి, ఊహించి ఇచ్చే తీర్పులు అవి. ఆ తీర్పు రెప్పపాటులో జరిగిపోతుంది గనుక తాను తీర్పు ఇచ్చినట్టు మనిషికి తెలియదు. తాను నేరుగా చూశాననే అనుకుంటాడు.

దీనికి ఆయన చూపిన దృష్టాంతాలు చాలా సరళమైనవి. చదువు వచ్చినవాడు ‘అబ్జద్’ అనే మాటను చూడగానే అక్షరం అక్షరం కూడబలుక్కోకుండా పోల్చుకుంటాడు. అలవాటు చేత గుర్తు ఒక్కటే చాలుతుంది. పసివాడి ముందు ఒకే రకమైన రెండు వస్తువులుంచి, వాటిలో ఒకటి మరింత అందమైనదైతే, వాడు అందమైన దానినే తీసుకుంటాడు. ఎక్కువ అందమైనది మేలైనది, మేలైనది కోరదగినది అన్న తర్కం వాడి మనసులో నడిచింది. తర్కం అనే మాట మాత్రం వాడికి తెలియదు. అనేక రంగులు పూసిన బొంగరాన్ని తిప్పితే ఆ రంగులన్నీ కలిసి ఒకే రంగుగా కనిపిస్తాయి. ఒక్కొక్క రంగును విడిగా పట్టుకోవడానికి చూపుకు కొంత వ్యవధి కావాలని దీనివల్ల తెలుస్తుంది. మైదానంలో నిలబడినవాడు మేఘాలు అత్యంత ఎత్తున ఉన్నాయనుకుంటాడు. అవే మేఘాలు కొండ శిఖరాల మధ్య తేలుతున్నప్పుడు, కొన్ని శిఖరాలకు దిగువన ఉండడం చూసి, అవి తాను తలచినంత దూరంలో లేవని గ్రహిస్తాడు. కంటికి మేఘం ఎప్పటి మేఘమే, మారింది మనసు వద్ద ఉన్న కొలబద్ద.

1867లో పూర్తయిన తన దృష్టిశాస్త్ర గ్రంథంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఎరుక లేకుండా జరిగే ఊహను గురించి ప్రతిపాదించినప్పుడు అది మనస్తత్వశాస్త్రంలో గొప్ప మలుపుగా పేరుపొందింది. దానికి ఎనిమిది శతాబ్దాలకు పైగా ముందే కైరోలో ఈ భావం స్పష్టంగా అక్షరబద్ధమైంది. అయితే దీనిని మేమే ముందు అనే పందెంగా మార్చుకోవడం అనవసరం. హెల్మ్‌హోల్ట్జ్ వద్ద నరాల శాస్త్రం ఉంది, ఇబ్నుల్ హైథమ్ వద్ద అది లేదు. చెప్పుకోదగిన విషయం వేరొకటి. తర్కశాస్త్రంలోనూ ఫిఖ్‌హ్‌లోనూ ‘ఖియాస్’ అనే మాట సుపరిచితం. దానిని పండితుల చర్చావేదిక నుండి తెచ్చి, మార్కెట్టుకు వెళ్లే సామాన్యుని చూపులోనూ పసిబిడ్డ ఎంపికలోనూ నడిచే క్రియగా చూపడం నిజమైన సృజన.

మూడవ భాగం దృష్టిదోషాలను గురించినది. చూపులో మనసు తీర్పు కలిసి ఉన్నదంటే చూపు పొరబడవచ్చునన్నది దానంతట అదే తేలుతుంది. వెలుతురు చాలకపోయినా, దూరం మితిమీరినా, వ్యవధి చాలకపోయినా తీర్పు దారి తప్పుతుంది. ఏడవ భాగంలో ఆయన చంద్రబింబం దిగంతం వద్ద పెద్దదిగా కనిపించే విషయాన్ని చర్చించాడు. నడుమ ఉన్న నేల, చెట్లు, కట్టడాలు దిగంతాన్ని దూరంగా తోపజేస్తాయి. దూరమనిపించిన దానిని మనసు పెద్దదిగా లెక్కగడుతుంది. బింబం పెరగలేదు, లెక్క పెరిగింది. తన కళ్లతో చూశానని ప్రమాణం చేసే మనిషికి ఇంతకు మించిన హెచ్చరిక ఉండబోదు. చెవి, చూపు, హృదయం మూడూ విచారణకు నిలబడవలసినవేనని, తెలియని దాని వెంట పడరాదని దివ్య ఖుర్ఆన్ ఇస్రా సూరాలో హెచ్చరిస్తుంది. కన్ను ఎక్కడ తన హద్దు దాటుతుందో, మనసు ఎక్కడ తెలియని దానిని తెలిసినట్టు భావిస్తుందో ఇబ్నుల్ హైథమ్ గ్రంథం విడమరిచి చూపుతుంది. విశ్వాసి చదివితే ఈ శాస్త్రగ్రంథం ఆత్మపరీక్షకు కూడా పనికివస్తుంది.

‘ఇతిబార్’ అన్న మాట విషయంలోనూ ఒక సామ్యం కనిపిస్తుంది. హష్ర్ సూరా 2వ ఆయతులో దృష్టి గలవారిని గుణపాఠం గ్రహించమని ఆజ్ఞాపించిన క్రియాపదం ఇదే ధాతువు నుండి పుట్టింది. ఫిఖ్‌హ్ పండితులు ఖియాస్‌కు ఆధారంగా చూపే ఆయతు కూడా ఇదే. ఇంతమాత్రాన ఆయన తన పద్ధతిని ఆ ఆయతు నుండే గ్రహించాడని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. ఖగోళ పరిశీలనలను పోల్చి చూసే సంప్రదాయం ఆయనకు ముందు నుండే ఉంది. కాని ఆ ఆయతును పఠిస్తూ పెరిగిన సమాజంలో ఈ పదం శాస్త్రపరీక్షకు పేరు కావడం ఎవరికీ పరాయిగా తోచి ఉండదు.

సృజన విషయంలో ఆయన అభిప్రాయం ‘అత్తహ్లీలు వత్తర్కీబ్’ అనే గణిత రచనలో లభిస్తుంది. జవాబు దొరికినట్టే భావించి వెనుకకు నడిచి మూలాన్ని పట్టుకోవడం విశ్లేషణ. ఆ మూలం నుండి ముందుకు వచ్చి రుజువు కట్టడం సంశ్లేషణ. నియమాలు తెలిసిన ప్రతివాడూ రుజువు కట్టగలడు గాని ప్రతివాడూ కొత్తది కనిపెట్టలేడు. ఇచ్చిన పటంలో లేని ఒక రేఖను ఎక్కడ చేర్చాలో తోచడం ఒక విద్య. దానికి ఆయన పెట్టిన పేరు ‘హద్స్ సినాయీ’, అంటే వృత్తిలో ఆరితేరినవానికి అబ్బే సూక్ష్మస్ఫురణ. స్ఫురణ అనగానే అది ఆకాశం నుండి ఊడిపడే మెరుపు అని కొందరు, నియమాలే చాలును స్ఫురణతో పనిలేదని మరికొందరు భావిస్తారు. ఆయన ఈ రెండింటికీ దూరంగా నిలిచాడు. సాధన వల్ల స్ఫురణ పదునెక్కుతుంది, స్ఫురించినది రుజువుతో నిలబడుతుంది. ఇది ఒట్టి సిద్ధాంతం కాదు. గోళాకార దర్పణంలో ఒక బిందువు నుండి వచ్చిన కాంతి కంటికి చేరడానికి ఏ చోట పరావర్తనం చెందాలి అన్న సమస్యను ఆయన మనాజిర్ ఐదవ భాగంలో శాంకవాల సాయంతో సాధించాడు. నేటి బీజగణితంలో అది నాల్గవ ఘాత సమీకరణానికి దారితీసే సమస్య. ‘అల్‌హాజెన్ సమస్య’ అనే పేరుతోనే అది యూరప్ గణితవేత్తలను శతాబ్దాలపాటు ఆకర్షించింది.

అందాన్ని గురించి కూడా ఆయన మౌనం వహించలేదు. ఒక్కొక్క గుణం విడిగా అందాన్ని కలిగించవచ్చునని, కాని సంపూర్ణమైన అందం గుణాల మధ్య పొందిక వల్ల కలుగుతుందని, అక్షరాల ఆకృతీ వాటి కూర్పూ సరిగా అమరినప్పుడే రాత అందంగా ఉంటుందని వివరించాడు. పొట్టకూటికి గ్రంథాలకు ప్రతులు రాశాడని పేరున్న మనిషి ఈ ఉదాహరణను ఎంచుకోవడంలో సహజత్వం ఉంది.

‘అష్షుకూకు అలా బత్లమ్యూస్’ అనే రచన ఆయన మనోబలానికి నిదర్శనం. ఖగోళశాస్త్రంలో టాలెమీ మాటకు తిరుగులేని కాలంలో ఆయన టాలెమీ గ్రంథాలు మూడింటిని తీసుకుని, అవి ఎక్కడ తమ సూత్రాలనే ఉల్లంఘించాయో ఒక్కొక్కటిగా ఎత్తిచూపాడు. గ్రహం సమగతిలో తిరుగుతున్నదంటూనే, తన మండల కేంద్రం కాని మరొక బిందువు చుట్టూ ఆ సమగతిని లెక్కించడం న్యాయం కాదన్నాడు. ఆ గ్రంథారంభంలో ఆయన చెప్పిన సారాంశం ఇది: పెద్దల గ్రంథాలపై సదభిప్రాయంతో వాటిని నమ్మి ఊరుకునేవాడు సత్యాన్వేషి కాడు. ఆ నమ్మకాన్నే శంకించి, వారి మాటను ఆధారంతో తూచేవాడు సత్యాన్వేషి. అట్టివాడు ఆ శంకను తన బుద్ధిపై కూడా ప్రయోగించుకోవాలి. లేకపోతే విమర్శ పేరిట పక్షపాతమో ఉదాసీనతో తలెత్తుతుంది.

ఈ చివరి షరతును విడిచి ముందరి మాటను మాత్రమే పట్టుకున్నవారు ఆయనను మతాన్ని ధిక్కరించిన హేతువాదిగా చిత్రిస్తారు. ముందరి మాటను విడిచినవారు ఆయనను జాతి గౌరవానికి బిరుదుగా ధరిస్తారు. ఇద్దరూ ఆయనను సగమే చదివారు. ఆయన శంక వహీని గురించినది కాదు, మానవుల రచనలను గురించినది. మానవ రచనకు పొరపాటు సహజమన్న ఎరుక తౌహీద్‌కు విరుద్ధం కాదు సరికదా దాని ఫలితమే. దోషరహితత్వం అల్లాహ్ గుణమైనప్పుడు ఏ పండితుని పుస్తకానికీ ఆ స్థానం ఇవ్వడం తగదు. పాతదంతా సత్యమనే అంధానుకరణకూ, పడమటి నుండి వచ్చినదంతా సత్యమనే అంధానుకరణకూ ఈ తర్కం సమానంగా వర్తిస్తుంది.

ఇదే తూకంలో ఆయన రచనలనూ తూచవలసి ఉంది. కంటిలో స్ఫటిక ద్రవం, అంటే నేటి భాషలో కటకం, చూపుకు ప్రధానేంద్రియమని ఆయన నమ్మాడు. వస్తురూపం తలక్రిందులు కాకుండా మనసుకు చేరాలన్న పట్టుదలతో, కంటిపై లంబంగా పడే కిరణాలకే పట్టం కట్టాడు. తలక్రిందులుగా రెటీనాపై బొమ్మ పడుతుందని, నిటారుగా తోచడం వేరే సంగతి అని 1604లో కెప్లర్ తేల్చాడు. కంటికి అందినది వేరు, మనసు తీర్పు వేరు అని అంత చక్కగా చెప్పిన వ్యక్తి ఈ ఒక్కచోట ఆ సూత్రాన్ని చివరి దాకా నడపలేకపోయాడు. ఇంద్రధనుస్సుపై ఆయన రాసినదీ నిలవలేదు. మేఘాన్ని అద్దంగా భావించి పరావర్తనంతోనే దానిని వివరించబోయాడు.

ఈ రెండవ లోపాన్ని సరిదిద్దినవాడు ఆయన గ్రంథానికే వ్యాఖ్యానం రాసిన కమాలుద్దీన్ అల్ ఫారిసీ. నీటితో నింపిన గాజు గోళాన్ని వానచినుకుకు బదులుగా తీసుకుని పరీక్షించి, కాంతి చినుకులోకి పోయేటప్పుడూ బయటకు వచ్చేటప్పుడూ వక్రీభవనం చెందుతుందని, లోపల పరావర్తనం చెందుతుందని నిరూపించాడు. ఆ వ్యాఖ్యానం పేరు ‘తన్ఖీహుల్ మనాజిర్’, అంటే మనాజిర్ పరిష్కరణ. గురువు పద్ధతితోనే గురువు తప్పును దిద్దిన శిష్యభక్తి ఇది. ఇబ్నుల్ హైథమ్ వారసత్వం అంటే ఏమిటో దీనిని మించి చెప్పే ఉదాహరణ లేదు.

ఆ తన్ఖీహ్ తొలుత అచ్చయినది హైదరాబాదులోనే. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ హిజ్రీ 1347-48లో, అంటే 1928-30 ప్రాంతంలో, దానిని రెండు సంపుటాలుగా ప్రచురించింది. హిజ్రీ 1357లో, అంటే 1938-39 ప్రాంతంలో, ఇబ్నుల్ హైథమ్ రచించిన 8 లఘుగ్రంథాల సంపుటిని కూడా అదే సంస్థ వెలువరించింది. కాంతి, నక్షత్రాల వెలుగు, చంద్రుని వెలుగు, స్థలం అనే విషయాలపై ఆయన రచనలు అందులో ఉన్నాయి. లోకంలోని పరిశోధకులు ఆ రచనల కోసం ఏళ్ల తరబడి ఈ హైదరాబాదు ప్రతులనే ఆశ్రయించారు. తెలుగు ముస్లిం పాఠకుని ఇంటి ముంగిట అచ్చయిన ఈ సంపద అతని భాషలోకి రావలసిన అవసరం ఎంతైనా ఉంది. అరబీ తెలిసిన మదరసా పట్టభద్రుడూ, భౌతికశాస్త్రం తెలిసిన కళాశాల అధ్యాపకుడూ ఒకచోట కూర్చుంటే మనాజిర్ పీఠికనూ, రెండవ భాగంలోని కొన్ని అధ్యాయాలనూ తెలుగులోకి తేవడం అసాధ్యమైన పని కాదు. ప్రకృతి శాస్త్రమూ గణితమూ కలిస్తే తప్ప చూపు రహస్యం తెలియదని ఆయన అన్నట్టే, ఈ రెండు విద్యలూ కలిస్తే తప్ప ఆయన రచనల రహస్యం తెలుగువారికి తెలియదు.

ముల్క్ సూరాలో ఆకాశ సృష్టిని ఒకసారి చూసి ఊరుకోక, చూపును మళ్లీ మళ్లీ మరల్చి చూడమన్న ఆదేశం ఉంది. మొదటి చూపులో కన్ను అందుకున్నదెంత, మనసు చేర్చినదెంత అని విడదీసి అడగడం ఆ మలి చూపుకు మొదటి మెట్టు. వేయి సంవత్సరాల క్రితం కైరోలో ఒక విశ్వాసి ఆ ప్రశ్నను ఓపికగా, వినయంగా అడిగాడు. ఆయన పేరును సభల్లో స్మరించడం తేలిక. ఆయన అడిగిన ప్రశ్నను తన చూపుపైనా, తన పక్షంపైనా, తాను గౌరవించే పుస్తకంపైనా తిరిగి వేసుకోవడం కష్టం. ఆ కష్టానికి సిద్ధపడిన పాఠకుని చేతిలోనే ఈ రచనలకు తగిన విలువ దక్కుతుంది.